బోర్డు ముందు నడక

అనంతపురం,
7 జూలై 2002.

జయరాం అన్నకు,

నీ చెల్లెలు గంగాదేవి నమస్కారాలు. బస్సు దిగినాక ఏడ్చానని నాయనకు చెప్పొద్దు. పెట్టె మోసిన రిక్షా ఆయన ఒక్కడే చూశాడు. ఇప్పుడు బాగున్నాను.

హాస్టల్లో కింది గదే ఇచ్చారు. రెండు పూటలా అన్నం. సంగటి లేదు. మొదటి రెండు రోజులు ఎంత తిన్నా కడుపు నిండినట్టే అనిపించలేదు.

నీకొక సంగతి చెప్పాలి. మా కాలేజీలో 'చేయూత' అని ఒక పథకం ఉంది. ఎకనామిక్స్ చెప్పే పద్మప్రియ మేడమ్ దాన్ని నడుపుతుంది. ఇంట్లో అందరికంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు, లేనివాళ్లు, కాలో కన్నో సరిగా లేని నాలాంటివాళ్లు, మొత్తం ఇరవై రెండు మందిమి. మొదటి రోజు మేడమ్ "మీ నాన్న ఏం చదివారు?" అని వరసగా అడిగింది. ఒక్కొక్కరూ "ఏం చదవలేదు మేడమ్" అనడమే. పదో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అందరికీ నవ్వొచ్చింది. మేడమ్ కూడా నవ్వేసింది.

సాయంత్రం మాకు విడిగా ఇంగ్లీషు చెబుతారు. పుస్తకాలు వాళ్లవే. హాస్టల్ భోజనం ఊరికే. మా బి.ఏ. క్లాసు పై అంతస్తులో ఉంది, నలభై రెండు మెట్లు. నాకోసం ఆ క్లాసును కిందికి మార్పిస్తానని కూడా మేడమ్ అంది. ఇవన్నీ ఉంటేనే నా చదువు అన్నా. లేకపోతే లేదు.

కాకపోతే ఒక కాగితం కావాలట. ఆగస్టు మూడో తారీకు ఇక్కడ వికలాంగుల క్యాంపు పెడుతున్నారు. డాక్టర్ల బోర్డు ఒక్కొక్కరినీ చూసి సర్టిఫికెట్ రాసిస్తుంది. మిగతా లెక్కల సీట్లు నిండిపోయి నన్ను కాలు సరిగా లేనివాళ్ల లెక్కలో తీసుకున్నారు, అందుకని అది తెచ్చిస్తేనే చేయూతలో నా పేరు నిలుస్తుంది. డాక్టర్లు ఏమడుగుతారో, వాళ్ల ముందు ఎట్లా ఉండాలో నాకు తెలీదు. మేడమ్‌ను అడగడానికి నోరు రాలేదు. నువ్వే చెప్పు.

వాన పడిందా? విత్తనం వేశారా?

నీ చెల్లెలు,
గంగాదేవి


కొత్తపాళ్యం, మడకశిర మండలం,
15 జూలై 2002.

మా గంగకు,

అన్న జయరాం దీవెనలు. ఏమ్మే, పోయి పది దినాలు కాలేదు, 'చేశాను, చూశాను' అని కోస్తావాళ్ల మాదిరి రాస్తాండావే! నీ జాబు చదివి వినిపిస్తే అమ్మ "ఇది మన గంగే రాసిందా?" అని రెండుసార్లు అడిగింది.

వాన లేదు. చెనిక్కాయ విత్తనం గోనెలోనే ఉండాది. నాయన గొర్లను తోలుకొని పోయేది, మబ్బును తిట్టుకుంటా వచ్చేది. ఆ కత వదిలెయ్.

బోర్డు సంగతి నన్ను అడిగి మంచి పని చేసినావు. నీకు ఆరో క్లాసులో సీటు ఎట్లొచ్చిందో మర్చిపోయినావా? ఆ హెడ్మాస్టరు ఏమన్న్యాడు? "కుంటిపిల్ల, రెండు మైళ్లు యాడ నడుస్తాది, ఇంటికి తీసకపోప్పా" అనలేదా? అప్పుడు నేను కళ్లంలో బూడిదతో గీత గీసి, నెల దినాలు నిన్ను దాని మీద నడిపించినాను. లంగాకు పక్కన చీల్చి లోపల జేబు కుట్టించినాను. జేబులో నుంచి చెయ్యి పెట్టి తొడ గట్టిగా అదిమి పట్టుకుంటే మోకాలు మడత పడదు, చూసేవాళ్లకు చెయ్యి కనపడదు. మళ్లా పోయి ఆ స్కూలు మైదానంలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూపిస్తివి. ఆయప్ప నోరు మూసుకొని నీ పేరు రాసుకున్న్యాడు.

వీళ్లూ అంతే. ఈ పిల్లకు ఇంత పెట్టి చదివిస్తే నిలబడుతుందా లేదా అని చూస్తారు. కుంటినావంటే తీసేస్తారు. తల ఎత్తుకొని నడువు. "మెట్లెక్కుతావా" అంటే "ఎక్కుతా సార్" అను. "తోడు ఎవురన్నా కావాల్నా" అంటే "అక్కర్లేదు సార్" అను. ఏడుపు మొగం పెట్టొద్దు. అయ్యో పాపం అనిపించుకొని బతికే ఇల్లు కాదు మనది.

నీలం గుడ్డతో కొత్త లంగా కుట్టించి, జేబు పెట్టించి, అనంతపురం బస్సు కండక్టరు చేతికిచ్చినాను. బస్టాండుకు పోయి తీసుకో. రోజూ గదిలో నడిచి చూసుకో.

అన్న,
జయరాం


అనంతపురం,
4 ఆగస్టు 2002.

అన్నకు,

నడిచాను! నువ్వు చెప్పినట్టే నడిచాను.

క్యాంపులో మూడు వందల మందికి పైనే ఉన్నారు. నిలబడటానికి నీడ లేదు. కొందరు చేతుల మీద పాకుతున్నారు. ఒక తల్లి మీసాలొచ్చిన కొడుకును వీపున వేసుకుని వచ్చింది. వాళ్లను చూస్తే జాలేసింది. వీళ్ల మధ్య నేనెందుకు కూర్చున్నానా అని సిగ్గు కూడా వేసింది.

మూడు గంటలకు నా పేరు పిలిచారు. బల్ల దగ్గర నుంచి గోడ దాకా నడవమన్నారు, పది అడుగులు. పోయాను, తిరిగి వచ్చాను. మోకాలు ఒక్కసారి కూడా మడత పడలేదు. డాక్టరు "మెట్లెక్కుతావా?" అన్నాడు. "ఎక్కుతా సార్." "తోడు కావాలా?" "అక్కర్లేదు సార్." ఆయన నవ్వి, "నీకేమమ్మా, బాగానే ఉన్నావు" అని రాసేశాడు. కాలు చూపించమని కూడా అడగలేదు. వెనక ఇంకా వంద మంది ఉన్నారు మరి.

కాగితం చేతికిచ్చారు. ముద్ర ఉంది, మూడు సంతకాలు ఉన్నాయి. 'ముప్పై అయిదు శాతం' అని రాసి ఉంది. అదేమిటో నాకు తెలీదు. రేపు సోమవారం మేడమ్‌కు ఇస్తాను.

హాస్టల్‌కొచ్చాక తుంటి సలుపుతోంది. అయినా పర్వాలేదు. నాయనకు చెప్పు, అమ్మకు చెప్పు.

గంగాదేవి


కొత్తపాళ్యం,
12 ఆగస్టు 2002.

మా గంగకు,

నీ జాబు మూడుసార్లు చదివించుకున్న్యాడు నాయన. పాల డిపో కాడ బయ్యన్న, మన చేని పక్కన ముప్పై ఎకరాలాయన, "ఏమప్పా గురప్పా, నీ కూతురు డాక్టర్ల ముందర నడిచి చూపించిందంటనే" అని పిలిచి అడిగినాడు. మన నాయనను ఆయన పేరు పెట్టి పిలిచింది నేను చూడలేదు ఎప్పుడూ. నాయన ఆ దినం అంతా తలగుడ్డ సరి చేసుకుంటానే ఉన్న్యాడు.

నేను చెప్పలేదా? ఈ లోకంలో నిలబడి చూపించినోళ్లకే ఇస్తారు ఏదన్నా. మేడమ్ కాగితం చూసి ఏమనింది? తప్పకుండా రాయి.

వాన మాత్రం రాలేదు. విత్తనాన్ని వేయించుకొని తింటాండాం.

అన్న,
జయరాం


అనంతపురం,
20 అక్టోబరు 2002.

అన్నకు,

నీ రెండు జాబులూ అందాయి. జవాబు ఆలస్యమైంది, తిట్టుకోవద్దు. పరీక్షలున్నాయి, అందుకే దసరాకు రాలేదు.

మేడమ్ కాగితం చూసింది. తీసి ఫైల్లో పెట్టుకుంది.

హాస్టల్లో జాబులు సరిగా అందడం లేదు. ఇకమీదట కాలేజీ గేటు ఎదురుగా ఉన్న ఈశ్వరప్ప ఎస్.టి.డి. బూత్ పేరు మీద రాయి. ఆయనది గోరంట్ల, మంచివాడు. నెయ్యి పంపొద్దు. ఊరికే పాడైపోతుంది.

అమ్మ ఆరోగ్యం చూసుకో.

గంగాదేవి


కొత్తపాళ్యం,
2 జనవరి 2003.

మా గంగకు,

నీ జాబులు చిన్నవైపోతాండాయి. చదువు ఎక్కువైతే ఇంటోళ్లకు రాసే మాటలు తక్కువైతాయేమో, నాకు తెలీదు. సంక్రాంతి సెలవులకైనా వస్తావో రావో.

ఈడ బాగలేదు. బోరు ఎండిపోయింది. గొర్లు సగం అమ్మేసినాము. మిగిలినవాటిని తోలుకొని నాయన పావగడ పక్కకు పోయినాడు. అమ్మ ట్యాంకరు నీళ్లకు లైనులో నిలబడి, కొళాయి కాడ కొట్లాడి వస్తాంది. ఈ ఇంట్లో వినడానికి మంచి మాట ఉందంటే అది నీ చదువు ఒక్కటే. సాయంత్రమైతే అమ్మ "గంగ ఈ పొద్దు ఏం చదివి ఉంటుందో" అంటుంది. నాకేం తెలుసు? అయినా ఏదో ఒకటి చెప్తా.

ఇంకో మంచి సంగతి. మారెక్క కూతురు హేమ గుర్తుంది కదా, నీ మాదిరే ఎడమ కాలు. ఇంటరు రెండో సంవత్సరం చదువుతాంది. జూన్‌లో నీ కాలేజీకే వస్తాదంట, ఆ చేయూతలోనే చేరుతాదంట. ఈ నెల ఇరవయ్యో తారీకు హిందూపురంలో క్యాంపు. మారెక్క నా కాడికొచ్చి, "జయరామా, నీ చెల్లెలికి నేర్పించినట్టే నా బిడ్డకూ నేర్పించప్పా" అని చేతులు పట్టుకుంది. సరేనంటి. రోజూ సాయంత్రం కళ్లంలో నడిపిస్తాండా. జేబు కుట్టించినాము. మొదట్లో పడేది, ఇప్పుడు ఇరవై అడుగులు వేస్తాంది. నీకంటే మొండిది. ఇరవయ్యో తారీకుకు నీ మాదిరే నడుస్తుంది, చూడు.

అన్న,
జయరాం


అనంతపురం,
9 జనవరి 2003.

అన్నా,

ఈ జాబు అందినాక నిలబడిన చోటు నుంచే మారెక్క ఇంటికి పో. హేమను నడిపించొద్దు. ఆ జేబు కుట్టు ఊడదీయించు. డాక్టర్ల ముందు అది ఎట్లా నడుస్తుందో అట్లా నడవాలి, పడితే పడాలి. కాలు చూపించాలి. మెట్లెక్కలేనని చెప్పాలి. నలభై శాతం లేకపోతే ఆ కాగితం చెల్లదు. కాలు ఎంత చెడిపోయిందని వాళ్లు రాస్తే అంత శాతం. నాకు ముప్పై అయిదు రాసింది నేను బాగా నడిచినందుకు.

ఇప్పుడు మిగతాది కూడా విను. ఇంక దాచలేను.

ఆగస్టులో మేడమ్ ఆ కాగితం చూసి కళ్లజోడు తీసేసింది. "ఎందుకమ్మా అట్లా నడిచావు?" అంది. నువ్వు చెప్పావని అనలేకపోయాను. "ముందే చెప్పి ఉండాల్సింది నేను. నీకు తెలుసనుకున్నాను" అని ఆమే తలపట్టుకుంది. ఎవరు చెబుతారు అన్నా మనకు? చదువుకున్న ఇళ్లల్లో ఇట్లాంటివి అన్నం తింటూ మాట్లాడుకుంటారేమో. మన ఇంట్లో మెడికల్ బోర్డు పేరు విన్నవాళ్లే లేరు.

మేడమ్ పైవాళ్లను బతిమాలి సెప్టెంబరు ఆఖరు దాకా హాస్టల్లో ఉంచింది. తర్వాత నా పేరు తీసేశారు. నేనుండేది ఈశ్వరప్ప ఇంట్లో, ఆయన తల్లికి తోడుగా. క్లాసులయ్యాక బూత్‌లో కూర్చుంటాను, భోజనం వాళ్లే పెడతారు. క్లాసు కిందికి రాలేదు. కాగితం లేదు కదా. నలభై రెండు మెట్లు, ఎక్కేది, దిగేది.

నవంబరులో మేడమ్ నన్ను మళ్లీ బోర్డుకు తీసుకుపోయింది. ఈసారి జేబు లేని లంగా కట్టుకున్నాను. వంగి, మోకాలు మీద చెయ్యి పెట్టుకుని నడవాలనుకున్నాను, చిన్నప్పుడు ఆరో క్లాసుకు ముందు నడిచినట్టు. అన్నా, నాకు చేతకాలేదు. నా నడక నాకే గుర్తు రాలేదు. ముందు రోజు గదిలో తలుపేసుకుని ఎంత చేసినా నాటకం ఆడినట్టే ఉంది. డాక్టరు ముందు మూడో అడుగుకే మోకాలు మడత పడి నిజంగానే పడ్డాను. బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా, "ఇట్లాంటివి రోజుకు పది చూస్తాండాం లేమ్మా, లెయ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

డాక్టరు నవ్వలేదు. కాలు చూశాడు, చేత్తో పట్టి చూశాడు. ఆయనకు అర్థమైంది. కానీ, "పోయినసారి నడుస్తుందని నేనే సంతకం పెట్టాను. మూడు నెలల్లో మార్చి రాస్తే నన్నే అడుగుతారు. ఏడాది పోయాక రా" అన్నాడు.

డిసెంబరులో మెట్ల మీద నుంచి పడ్డాను. తుంటి వాచింది. అప్పటినుంచి క్లాసుకు పోలేదు. నెల దాటింది. బూత్‌లో కూర్చుని గాజు తలుపులో నుంచి కాలేజీ గేటు చూస్తుంటాను. సంక్రాంతికి ఏ మొహం పెట్టుకుని రావాలి?

నాకు కోపంగా ఉంది. నీ మీదే. నా కాలు చూసి సిగ్గుపడమని నేర్పించింది నువ్వు. ఆ రోజు క్యాంపులో పాకినవాళ్లను చూసి జాలిపడ్డాను నేను. వాళ్లందరికీ కాగితాలు వచ్చాయి. నాకు శభాష్ అన్న మాట వచ్చింది. నీకు చెబితే తట్టుకోలేవని దాచాను. అదొక్కటే కాదు. రాస్తే నా చదువు పోయిందని నేను ఒప్పుకున్నట్టవుతుందని కూడా దాచాను.

హేమ దగ్గరికి పో. ఇదంతా తర్వాత ఆలోచించు.

గంగ


కొత్తపాళ్యం,
22 జనవరి 2003.

గంగా,

పండగకు పోస్టు ఆగిపోయి నీ జాబు పదహారున అందింది.

ముందు నాకు ఒళ్లు మండింది. ఐదు నెలలు! ఐదు నెలలు అన్నకు అబద్ధాలు రాస్తావా? పరీక్షలంట, నెయ్యి పాడైపోతాదంట! ఊరంతా చెప్పుకొని తిరిగిన నేను పిచ్చోడినా? ఇట్లా తిట్టుకుంటా చేని గట్టు మీద కూర్చున్న్యా. కూర్చున్నోడిని లేయలేకపోయినాను.

తర్వాత మారెక్క ఇంటికి పోయినాను. హేమ ఏడ్చింది. "ఇన్ని దినాలు దాచుకోమని నేర్పించి, ఇప్పుడు అందరి ముందర కుంటమంటావా మామా?" అని అడిగింది. నీ జాబు చేతికిచ్చి చదువుకోమంటి. చదివినాక జేబు కుట్టు అదే ఊడదీసింది.

ఇరవయ్యో తారీకు నేనూ పోయినాను. హేమ మోకాలు పట్టుకొని, నడుం వంచి, కాలు ఈడ్చుకుంటా అందరి ముందర నడిచింది. మెట్లెక్కలేనని చెప్పింది. యాభై అయిదు శాతం రాసినారు. మారెక్క ఏడుస్తా ఉంటే నాకు ప్రాణం కుదుటపడింది. ఒక ఆడపిల్ల కుంటడం చూసి సంతోషపడే దినం వస్తుందని నేను అనుకోలేదు.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. ఆరో క్లాసు సీటు కోసమే నిన్ను నడిపించినానని ఇన్నేండ్లూ చెప్పుకున్న్యాను. సగం అబద్ధం. సీటు వచ్చినాక ఎందుకు మానిపించలేదు? గొర్ల కాడ పిల్లోళ్లు నన్ను 'కుంటిదాని అన్న' అని పిలిచేవాళ్లు. ఆ పేరు నాకు సైసలేదు. నువ్వు తిన్నగా నడిస్తే అది పోయింది. నా సిగ్గు కోసం నీ తుంటి అరగదీసినాను. ఇది నాయనకు కూడా తెలీదు.

ఫిబ్రవరిలో వస్తా. ఆ డాక్టరు కాడికి నన్ను తీసుకపో. నేర్పించింది నేనే అని చెప్తా. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా.

జయరాం


అనంతపురం,
14 మార్చి 2003.

అన్నకు,

నువ్వు వచ్చి వెళ్లి మూడు వారాలైంది. ఆ రోజు నువ్వు డాక్టరు ముందు "నేనే నేర్పించినా సార్, పిల్ల తప్పు లేదు" అని ఏడుస్తుంటే నాకు నీ మీద కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆయన కూడా పాపం నీకు మంచినీళ్లిచ్చాడు. మాట మాత్రం మార్చలేదు. ఆగస్టులో రమ్మన్నాడు.

హాల్ టికెట్ ఇవ్వలేదు. హాజరు చాలలేదు. మేడమ్ ప్రిన్సిపాల్ గదిలో గంటసేపు వాదించి వచ్చి, నా పక్కన కూర్చుంది. ఆగస్టులో కాగితం మార్పించుకుని మళ్లీ మొదటి సంవత్సరంలో చేరమంటోంది. చేరతానని అనలేదు. చేరననీ అనలేదు. నాయన సగం గొర్లతో పావగడ నుంచి తిరిగొచ్చే ఇంట్లో ఇంకో సంవత్సరం గురించి మాట్లాడే ధైర్యం ఇప్పుడు నాకు లేదు.

ఇక్కడ ఒక మార్పు వచ్చింది. చేయూతలో చేరడానికి వచ్చే ప్రతి ఒక్కరికీ బోర్డు అంటే ఏమిటి, అక్కడ ఏం చెప్పాలి, ఏం చూపించాలి అని ముందే తెలుగులో ఒక కాగితం ఇస్తారు. మేడమ్ నా చేతనే రాయించింది. రెండు పేజీలు రాశాను. ఈ సంవత్సరం నేను రాసిన పరీక్ష అదొక్కటే.

హేమకు జూన్‌లో కింది గది ఇస్తారట. నాకు సంతోషమే. ఏడుపు కూడా వస్తోంది. రెండూ ఉన్నాయి, దాచడం ఎందుకు.

వచ్చే శనివారం, ఇరవై రెండో తారీకు, పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. మధ్యాహ్నానికి పాళ్యం క్రాసులో దిగుతాను. పెట్టె అక్కడి టీ అంగడిలో పెట్టి వస్తాను, తర్వాత నువ్వు పోయి తెచ్చుకో. నన్ను తీసుకుపోవడానికి మాత్రం రావొద్దు. క్రాసు నుంచి మన ఇంటి దాకా నడుం వంచి, మోకాలు పట్టుకుని, కాలు ఎట్లా వస్తే అట్లా నడిచి వస్తాను. పాల డిపో ముందు నుంచే వస్తాను. బయ్యన్న చూస్తాడు, ఊరంతా చూస్తుంది.

నువ్వు వాకిట్లో కూర్చుని ఉండు. లేచి ఎదురు రావొద్దు. తల మాత్రం దించుకోవద్దు అన్నా.

నీ చెల్లెలు,
గంగాదేవి